పాత తుపాకి – కొత్త గొట్టం



ప్రత్యేక సంచికకు పెన్షన్ లెక్కల గురించీ, డి.ఎ. బకాయిల గురించీ రాయగల సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం రెవెన్యూ కచేరీల్లో గడిపినవాణ్ణి. అందులో కొన్నేళ్లు ఆయుధ లైసెన్సుల రిజిస్టరు నా బల్ల మీదే ఉండేది. ఆ రిజిస్టరు పేజీల్లో ఒక దేశ చరిత్ర దాగి ఉందని ఉద్యోగంలో ఉన్నప్పుడు గమనించే తీరిక లేకపోయింది. ఇప్పుడు తీరిక ఉంది కాబట్టి, వేటతుపాకికి గొట్టం మార్చడమనే చిన్న విషయాన్ని పట్టుకుని ఆ చరిత్రను నాలుగు మాటల్లో చెప్పడానికి ప్రయత్నిస్తాను. నిమ్మాడ మొదలు టెక్కలి, పలాస, ఉద్దానం వరకు పాత తుపాకి ఉన్న కుటుంబాలు ఇప్పటికీ లేకపోలేదు గనుక, చివర్లో చెప్పే చట్టపు మాటలు వారికి అక్కరకు వస్తాయని నా ఆశ.

పూరీ జగన్నాథుని నవకళేబరం సంగతి మన ప్రాంతంలో తెలియనివారుండరు. 1977లో, 1996లో, 2015లో జరిగింది. వేపకొయ్యతో కొత్త విగ్రహాలు చేసి, పాత విగ్రహంలోని బ్రహ్మపదార్థాన్ని కొత్తదానిలోకి మారుస్తారు. కొయ్య మారినా స్వామి మారడు. తుపాకి విషయంలోనూ సరిగ్గా ఈ ప్రశ్నే వస్తుంది. గొట్టం మారితే అది పాత తుపాకేనా, కొత్తదా? కర్ర మారితే ఎవరూ అడగరు. గొట్టం మారితే మాత్రం కంసాలి నుంచి కలెక్టరు దాకా అందరూ అడుగుతారు. ఎందుకో చూద్దాం.

గొట్టమే ప్రాణం

రైఫిల్‌కు ముఖ్యంగా మూడు భాగాలు. భుజానికి ఆనించే కర్ర, తూటాను లోపల బంధించి పేల్చే ఇనుప యంత్రం, గుండుకు దారి చూపే గొట్టం. నాటు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. ఆ గాడులు గుండును బొంగరంలా తిప్పి వదులుతాయి. తిరిగే బొంగరం ఎలా నిలబడుతుందో, తిరిగే గుండు అలా తిన్నగా పోతుంది. నున్నని గొట్టంతో యాభై అరవై గజాలు దాటితే గురి దైవాధీనం. గాడుల గొట్టంతో రెండు మూడు వందల గజాల దూరంలోని జంతువును కొట్టవచ్చు.

ఆ గాడులు అరిగిపోతే తుపాకి ఆయుష్షు తీరినట్టే. అరగడానికి కారణాలు రెండు. పేలినప్పుడు పుట్టే మంట, గుండు రాపిడి మొదటిది. తుప్పు రెండవది. పాతకాలం తూటాల అడుగున నిప్పు పుట్టించే మందులో ఉండే ఒక రసాయనం, పేలిన తర్వాత గొట్టంలో ఉప్పులాంటి మసిని మిగిల్చేది. ఉప్పు గాలిలో తేమను లాక్కుంటుంది. అసలే మన ఉద్దానం గాలిలో సముద్రపు ఉప్పు ఉంది. కొబ్బరితోటలో ఒక రాత్రి అడవిపందిని కొట్టి, తుపాకిని తుడవకుండా గోడకు తగిలిస్తే, వారం తిరిగేసరికి గొట్టంలో తుప్పు మచ్చలు కనిపించేవి. నూనె ఒక్కటీ పూస్తే చాలదు. ఉప్పు నూనెలో కరగదు, నీటిలోనే కరుగుతుంది. అందుకే సైన్యంలో పనిచేసిన మన మిత్రులకు తెలిసినట్టు, ముందు మరిగే నీళ్లు గొట్టంలో పోసి, ఆరనిచ్చి, పుల్‌త్రూ తాడుకు గుడ్డముక్క కట్టి లాగి, ఆ తర్వాతే నూనె రాసేవారు. ఈ సంగతి తెలిసినవారి తుపాకులు మూడు తరాలు నిలిచాయి. తెలియనివారివి పదేళ్లకే గుల్లబారాయి.

గొట్టం పోతే చేసే వైద్యాలు మూడు. ఒకటి, పాత గొట్టాన్ని విప్పి కొత్తది బిగించడం. రెండు, పాత గొట్టాన్నే లోపల తొలిచి పెద్ద కొలతకు పెంచడం. మూడు, బావికి వరలు దించినట్టు పాత గొట్టం లోపల సన్నని కొత్త గొట్టాన్ని దించడం. మొదటిదే మేలైనది, కాని అందులోనే నేర్పు ఎక్కువ కావాలి. గట్టి ఉక్కు కడ్డీని నిలువునా తిన్నగా తొలవాలి, గాడులు కోయాలి, సీసపు ముద్దతో లోపలి గరుకుతనం పోయేలా రుద్దాలి. తర్వాత వెనుకవైపు మరలు కోసి యంత్రానికి బిగించాలి. తూటా కూర్చునే గదిని సరైన లోతుకు తొలవాలి. ఆ గదిలో తూటా అడుగుకూ, దాన్ని మూసే బోల్టుకూ మధ్య సందు వెంట్రుకవాసి ఎక్కువైనా, పేలినప్పుడు ఇత్తడి తొడుగు చీలి మంట కాల్చేవాడి ముఖం మీదికి వస్తుంది. తక్కువైతే బోల్టే మూతపడదు. చివరిగా మామూలు కంటే ఎక్కువ మందు ఉన్న తూటాను దూరంనుంచి పేల్చి పరీక్షించి, నిలబడితేనే ముద్ర వేస్తారు.

కొలిమి దగ్గర ఏ పనిముట్టయినా చేయగల మన ఊరి కమ్మరి ఈ పని ఎందుకు చేయరాదో ఇప్పుడు అర్థమవుతుంది. నాగలి కర్రు విరిగితే చాలు పడేది నష్టమే. గొట్టం పగిలితే పోయేది కన్నో, చెయ్యో, ప్రాణమో.

ఉక్కు మనది, భయం వారిది

ఉక్కు విద్య మనకు కొత్త కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు మట్టి మూసల్లో కాచిన ఉక్కు పశ్చిమాసియా వరకు వెళ్లి పేరుపొందిన కత్తులుగా మారింది. అంత పనితనం ఉన్న దేశంలో తుపాకి గొట్టాలు విదేశాల నుంచి రావలసిన గతి ఎందుకు పట్టింది? దీనికి సమాధానం యంత్రాల ప్రగతిలో కొంత, రాజకీయంలో కొంత ఉంది.

1857 తిరుగుబాటుకు ఒక నిప్పురవ్వ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా అన్నది మనం బడిలో చదువుకున్నదే. ఆ తిరుగుబాటు అణగిన వెంటనే ప్రభుత్వం చేసిన పని గమనించదగ్గది. భారతీయ సిపాయిల కోసం అదే నమూనా తుపాకిని గాడులు లేకుండా, నున్నని గొట్టంతో తయారు చేయించింది. చూడడానికి తెల్ల సోల్జరు తుపాకికీ, నల్ల సిపాయి తుపాకికీ తేడా కనిపించదు. తేడా అంతా గొట్టం లోపల ఉంది. ఒకడి గురి దూరం పోతుంది, రెండవవాడిది పోదు. గొట్టం మార్చి మనిషిని తక్కువ చేయవచ్చునని అప్పుడు తెలిసింది.

1866లో ఇంగ్లండులో మరో మార్పు వచ్చింది. మూతినుంచి మందు దట్టించే పాత ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు లక్షల్లో ఉన్నాయి. వాటిని పారవేయకుండా, జేకబ్ స్నైడర్ అనే అమెరికన్ పద్ధతి ప్రకారం గొట్టం వెనుకభాగాన్ని సుమారు రెండున్నర అంగుళాలు కోసి, అక్కడ తలుపులా తెరుచుకునే మూత పెట్టారు. పాత తుపాకి వెనుకనుంచి తూటా పెట్టే కొత్త తుపాకి అయింది. ఖజానాకు ఆదా, సైన్యానికి వేగం. అయితే తెల్ల పటాలాల చేతికి అంతకంటే మేలైన మార్టినీ–హెన్రీ వచ్చిన తర్వాతే ఈ స్నైడర్లు భారతీయ పటాలాలకు ఇచ్చారు. మార్టినీలు మనవారికి వచ్చేసరికి తెల్లవారి చేతిలో మరో కొత్తది ఉంది. ఒక తరం వెనుక ఉంచడం ఆనాటి నీతి.

పేరులోనే ఉన్న కథ

మనవాళ్లు త్రీ నాట్ త్రీ అని పిలిచే రైఫిల్ అసలు పేరు లీ–ఎన్‌ఫీల్డ్. ఆ పేరే గొట్టం మార్చిన కథ. 1888లో బ్రిటిషు సైన్యం తీసుకున్న రైఫిల్ పేరు లీ–మెట్‌ఫర్డ్. స్కాట్లండులో పుట్టి అమెరికా ఖండంలో స్థిరపడిన జేమ్స్ పారిస్ లీ యంత్రాన్ని కల్పించాడు. విలియం మెట్‌ఫర్డ్ గొట్టంలోని గాడులను రూపొందించాడు. ఆ గాడులు ఏడు, లోతు తక్కువ, అంచులు గుండ్రం. నల్లమందు మసి పట్టకుండా ఉండడానికి ఆ ఏర్పాటు.

కొద్ది ఏళ్లకే నల్లమందు పోయి కార్డైట్ అనే పొగలేని మందు వచ్చింది. దాని మంట చాలా వేడి. లోతులేని మెట్‌ఫర్డ్ గాడులు ఆ వేడికి త్వరగా కరిగి అరిగిపోసాగాయి. అప్పుడు లండను దగ్గరి ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో అయిదు గాడులతో, లోతుగా, నలుచదరపు అంచులతో కొత్త గొట్టం చేశారు. 1895లో ఆ గొట్టం పాత యంత్రానికే బిగించారు. లీ యంత్రం, ఎన్‌ఫీల్డ్ గొట్టం, అందుకే లీ–ఎన్‌ఫీల్డ్. గొట్టం మారగానే ఒక మనిషి పేరు చెరిగి ఒక ఊరి పేరు చేరింది. ఆ యంత్రం తర్వాత రెండు ప్రపంచ యుద్ధాల్లో పనిచేసి, స్వతంత్ర భారతంలో పోలీసుల భుజాన దశాబ్దాలపాటు నిలిచింది.

కొలతల రాజకీయం

1878లో లిట్టన్ ప్రభువు వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి, యూరోపియన్లకు మినహాయింపు. జమీందార్లు, బిరుదులున్నవారు కొందరు మినహాయింపు పొందారు. సామాన్య రైతుకు మాత్రం పంట మీద పడే పందిని కొట్టడానికీ దొరవారి సంతకం కావలసి వచ్చింది. ఈ చట్టాన్ని గాంధీజీ గట్టిగా విమర్శించారు. అహింసావాది ఆయుధాల చట్టాన్ని తప్పుపట్టడం వింతగా తోచవచ్చు. ఒక జాతి మొత్తాన్ని నమ్మరానిదిగా ముద్ర వేయడమే ఆయనకు బాధ కలిగించింది.

చట్టంతో ఆగలేదు. ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకంలో .450 కొలత రైఫిళ్లు, తూటాలు భారతదేశానికి దిగుమతి చేయడాన్ని నిషేధించారు. అప్పటికి దేశంలో చెల్లాచెదరుగా ఉన్న మార్టినీ–హెన్రీ రైఫిళ్ల కొలత కూడా .450. వేటగాడి తూటా తిరుగుబాటుదారుడి చేతికి ఉపయోగపడుతుందేమోనని భయం. ఏనుగులనూ, పులులనూ కొట్టే పెద్ద రైఫిళ్లలో ఆనాడు ఎక్కువ పేరున్న కొలత అదే. దానితో లండను తుపాకి కంపెనీలకు పెద్ద చిక్కు వచ్చింది. నిషేధాన్ని తప్పించుకోవడానికి వారు .465, .470, .475 అంటూ కొత్త కొలతలు పుట్టించారు. హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ .465ను 1907లో తెచ్చింది. తూటా బలం దాదాపు అదే, గొట్టం కొలతలో మాత్రం పేనంత తేడా. ఆ కొలతలు ఇప్పటికీ ఆఫ్రికా వేటలో వాడుకలో ఉన్నాయి. వాటి పుట్టుకకు కారణం మన దేశం పట్ల ఉన్న భయమని వాడేవారిలో ఎందరికి తెలుసో!

.303 కూడా అలాగే. అది సైనికుల తూటా కనుక మామూలు పౌరుడి చేతికి రారాదు. అందుచేత లీ యంత్రానికే ఆస్ట్రియా దేశపు పాత మాన్‌లిషర్ తూటా కొలత గొట్టం బిగించి వేటరైఫిల్‌గా అమ్మారు. మన లైసెన్సు రిజిస్టర్లలో కనిపించే .315 అదే. యంత్రం త్రీ నాట్ త్రీదే, గొట్టం వేరు. 1904లో కలకత్తా దగ్గర ఇషాపూర్‌లో నెలకొన్న రైఫిల్ ఫ్యాక్టరీ స్వాతంత్ర్యం తర్వాత కూడా ఈ .315ను తయారు చేస్తూ వచ్చింది. తెల్లదొరల భయంలోంచి పుట్టిన కొలత స్వతంత్ర భారతంలో సగటు వేటరైఫిల్ అయి కూర్చుంది.

ఇదే ఇషాపూర్‌లో ఎదురు దిశలో మరో పని జరిగింది. .303 రైఫిళ్లను నున్నని గొట్టపు .410 మస్కెట్లుగా మార్చి, పది తూటాలు పట్టే పెట్టెలో కొయ్యముక్క బిగించి, ఒక్కొక్క తూటాయే పెట్టుకునేలా చేసి పోలీసులకు, కాపలా విధులకు ఇచ్చారు. సబ్ ట్రెజరీ ముందు కాపలా కానిస్టేబులు భుజాన వేలాడిన మస్కెట్టు మనలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వం తన పోలీసును కూడా సగమే నమ్మిందన్నమాట.

ఆ అనుమానానికి కారణాలు మన తెలుగు నేల మీదే కనిపించాయి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడిచేసి 26 తుపాకులు, వేల సంఖ్యలో తూటాలు పట్టుకుపోయాడు. ఏమేమి తీసుకున్నదీ స్టేషను పుస్తకంలో రాసి సంతకం చేసి మరీ వెళ్లాడు. రిజిస్టర్లు రాసిన మనలాంటివారికి ఇంతకంటే ఆశ్చర్యం కలిగించే సంగతి ఏముంటుంది?

మన సీమలో

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కలెక్టరు కచేరీ ఛత్రపురంలో. 1936 తర్వాత మనం విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాం. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. కనుక టెక్కలి పక్కన ఒకే ఇంట్లో, ఒకే దూలానికి వేలాడిన తుపాకి, అంగుళం కదలకుండానే మూడు జిల్లాల లైసెన్సుకు లోబడింది. మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్ అని మూడు రాష్ట్రాల పేర్లూ చూసింది.

మహేంద్రగిరి అడవులు, మందస, టెక్కలి, పర్లాకిమిడి జమీందారీలు, కిందికి వస్తే జీడితోటలు, పనసలు, కొబ్బరితోటల ఉద్దానం. జమీందారులకు వేట ఒక వేడుక. కొండలమీది సవరలకు అది జీవనం, వారి ఆయుధం విల్లంబులు. మధ్యనున్న రైతుకు పందినుంచి, ఎలుగునుంచి పంటను, ప్రాణాన్ని కాపాడుకునే అవసరం. ఒకే అడవి మీద ఈ ముగ్గురి హక్కులూ సమానం కావు. మందస జమీందారీ అడవిలో కట్టెలు తెచ్చుకునే హక్కు కోసం పోరాడిన రైతుల మీద 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. గర్భవతి అయిన వీరగున్నమ్మ, మరికొందరు రైతులు నేలకొరిగారు. దానికి కొద్ది రోజుల ముందే, మార్చి నెలలో, పలాసలో అఖిలభారత కిసాన్ సభ జరిగింది. తుపాకి చరిత్ర రాసేటప్పుడు గొట్టానికి వెనుకనున్నవారి కథ ఒక్కటే రాస్తే అది సగం చరిత్ర. ముందు నిలబడ్డవారి పేరు కూడా రాయాలి.

1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. వేట వేడుకలూ తగ్గాయి. 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. తెల్లవారికీ, బిరుదులకూ ఉన్న పాత మినహాయింపులు పోయి పౌరులందరికీ ఒకే నియమం వచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అప్పటినుంచి వేటరైఫిల్ అనే మాటలో వేట పోయింది, రైఫిల్ మిగిలింది. మనలాగే అదీ రిటైరయింది, కాకపోతే దానికి పెన్షన్ లేదు.

ఒక రైతు అన్న మాట

రిజిస్టరు నా దగ్గర ఉన్న రోజుల్లో ఉద్దానం వైపునుంచి ఒక పెద్దాయన రెన్యువల్‌కు వచ్చాడు. ఆయనది ఎస్.బి.ఎం.ఎల్., అంటే మూతినుంచి మందు దట్టించే ఒంటి గొట్టం తుపాకి. గొట్టం మూతి దగ్గర ఉబ్బి, ఒకచోట సన్నగా చీలి ఉంది. "పెద్దాయనా, ఇది ఇక పనికిరాదు, అప్పగించేయకూడదా?" అని అడిగాను. ఆయన దాన్ని తుండుగుడ్డతో తుడుస్తూ, "మా అయ్య తుపాకి బావూ ఇది. గొట్టమే పోనాది గాని తుపాకి పోనేదు. గొట్టం మార్పించీడానికి కాయితం రాయండి" అన్నాడు.

నేను గొట్టం మీది నంబరు చూపించాను. "ఈ నంబరు మీదే మీ లైసెన్సు ఉంది. గొట్టం మారిస్తే ఈ నంబరు పోతుంది. కొత్త గొట్టానికి వేరే నంబరు ఉంటుంది. మా రిజిస్టరు ప్రకారం మీ అయ్యగారి తుపాకి పోయినట్టే" అని చెప్పాను. ఆయన చాలాసేపు ఆ నంబరు మీద వేలు పెట్టి కూర్చున్నాడు. చివరికి తుపాకిని స్టేషనులో అప్పగించి, రసీదు జాగ్రత్తగా మడిచి రొంటిన పెట్టుకుని వెళ్లాడు. ఆయన దృష్టిలో తుపాకి అంటే తండ్రి చేయి పట్టిన కర్ర. చట్టం దృష్టిలో తుపాకి అంటే నంబరు ఉన్న ఇనుము. రెండూ అబద్ధం కావు. నవకళేబరంలో బ్రహ్మపదార్థం ఏదో పూజారికి తెలుసు. ఇక్కడ అదెక్కడుందో ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరలేదు, అంతే తేడా.

ఇటువంటి అనుబంధం గొప్పవారికీ ఉండేది. జిమ్ కార్బెట్‌కు చిన్ననాడు దొరికిన తొలి తుపాకుల్లో ఒకటి మూతినుంచి మందు దట్టించే రెండు గొట్టాల తుపాకి. దాని కుడి గొట్టం చీలిపోయి ఉండేది. పగిలిన కర్రను ఇత్తడి తీగతో చుట్టి కట్టుకున్నారు. ఒక్క గొట్టంతోనే ఆయన అడవిని నేర్చుకున్నాడు. తర్వాత చంపావత్ పులిని చంపినందుకు బహుమతిగా వచ్చిన .275 రిగ్బీ రైఫిల్ ప్రపంచ ప్రఖ్యాతి పొందింది. చివరికి ఆయన తుపాకి కంటే కెమెరాను ఎక్కువ ప్రేమించాడన్నది కూడా మరువరాదు.

మనం చేయవలసినది

పాత తుపాకి ఉన్న మిత్రులూ, వారి పిల్లలూ ఈ కింది మాటలు శ్రద్ధగా చదవాలని మనవి.

మొదటిది. విడి గొట్టం కూడా చట్టం దృష్టిలో ఆయుధమే. ఆయుధ భాగాలకు కూడా చట్టం వర్తిస్తుంది. కనుక గొట్టం కొనడం, మార్పించడం లైసెన్సు ఉన్న తుపాకి డీలరు లేక రిపేరుదారు ద్వారానే, లైసెన్సు ఇచ్చిన అధికారికి ముందుగా తెలిపి, అనుమతితోనే జరగాలి. లైసెన్సు లేకుండా తుపాకి తయారు చేసినా, మరమ్మతు చేసినా, 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. ఊరి కమ్మరిని మొహమాటపెట్టి ఈ పని చేయించడం ఆయన కుటుంబానికి ద్రోహం చేయడమే.

రెండవది. తుపాకి మీది నంబరును, ముద్రను చెరపడం నేరం. తుప్పు పోవాలని ఆకురాయితో రుద్దేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గొట్టాన్ని పొట్టిచేయడం కూడా లైసెన్సు లేకుండా తగదు.

మూడవది. కొలత మార్చుకుంటే లైసెన్సు తీరే మారిపోవచ్చు. .315 రైఫిల్‌కు జిల్లా మేజిస్ట్రేటు లైసెన్సు ఇవ్వగలరు. .303 నిషిద్ధ కొలత, దానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. యంత్రం ఒకటే కదా అని గొట్టం మార్చుకుంటే చట్టంలో రెండు వేర్వేరు ప్రపంచాలు.

నాలుగవది, మనకు అతి ముఖ్యమైనది. లైసెన్సుదారు కాలం చేసిన తర్వాత తుపాకి ఇంట్లో అటక మీద ఉండిపోతే, తెలియకుండానే వారసుడు లైసెన్సు లేని ఆయుధం ఉంచుకున్నవాడవుతాడు. దానికి ఇప్పుడు రెండేళ్లనుంచి అయిదేళ్ల దాకా జైలు. 2016 నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, ఆయన జీవించి ఉండగానే వారసుడు తన పేరున లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు. మనలో చాలామందిమి 70 దాటినవాళ్లమే. పిల్లలకు ఈ చిక్కు మిగల్చకండి. వద్దనుకుంటే ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గాని అప్పగించి రసీదు తీసుకోండి. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండరాదు. లైసెన్సు గడువు మూడేళ్లనుంచి అయిదేళ్లకు పెరిగింది. తేదీ మాత్రం మరువకండి.

అయిదవది. దారితప్పిన జంతువు తోటలోకి వచ్చిందని పాత తుపాకి దింపవద్దు. ఉద్దానంలో ఎలుగుబంట్ల బాధ నిజమే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో ప్రాణం పోయింది, పలువురు గాయపడ్డారు. కాని ఎలుగు చట్టరీత్యా పూర్తి రక్షణ ఉన్న జంతువు. అటవీశాఖకు కబురు చేయడమే దారి. పైగా ఏళ్ల తరబడి పేల్చని గొట్టం ఎటు పేలుతుందో ఎవరూ చెప్పలేరు. ఎలుగు కంటే అదే ముందు కాటు వేయవచ్చు.

చివరి మాట

మన ఇషాపూర్ ఫ్యాక్టరీ కూడా గొట్టం మార్చుకుంది. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి ఏడు ప్రభుత్వ కంపెనీలు ఏర్పడ్డాయి. ఇషాపూర్ వాటిలో ఒకదాని కిందికి వెళ్లింది. పలాస స్టేషను మీదుగా హౌరా వెళ్లే రైలు ఎక్కితే ఆ ఊరు ఎంతో దూరం కాదు. యంత్రం పాతది, పేరు కొత్తది.

ఒక గొట్టం వెనుక ఇంత కథ ఉంది. సిపాయి గొట్టంలో గాడులు తీసేసినవాడు, రైతు చేతికి తుపాకి నిరాకరించినవాడు, పులికోసం గొట్టం పెద్దది చేసినవాడు, ఆ పులినే కాపాడాలని చట్టం చేసినవాడు, అందరూ ఈ ఇనుప గొట్టం మీద తమ తమ ముద్రలు వేసి పోయారు. మన ఇళ్లలో మిగిలిన పాత తుపాకి ఇక పేలనవసరం లేదు. దాని నంబరు రిజిస్టరులోనూ, దాని కథ మనవల చెవుల్లోనూ సక్రమంగా నమోదై ఉంటే చాలు. మొదటి పని ఈ నెలలోనే, పెన్షన్ తీసుకోవడానికి బ్యాంకుకు వెళ్లిన రోజునే పూర్తి చేసుకోండి. రెండవ పని సాయంత్రం అరుగు మీద కూర్చుని నిదానంగా చేసుకోవచ్చు.